ఆగి చూడటమూ సాహసమే!

విద్యార్థులారా! సైరన్ మోగించుకుంటూ పరుగెత్తే ఎర్రని ఫైరింజనును చూడగానే మనందరికీ ఒకటే అనిపిస్తుంది. అది ఎంత త్వరగా చేరి, ఎంత త్వరగా నీళ్లు చల్లితే అంత మంచిదని. గడ్డివామి తగలబడినప్పుడు ఆ మాట నిజమే. కాని విషరసాయనం మోసుకుపోయే ట్యాంకరు రోడ్డుమీద బోల్తా పడినప్పుడు అదే ఫైరింజను కొంత దూరంలోనే ఆగిపోతుంది. సిబ్బంది దిగి, గాలి ఎటు వీస్తున్నదో చూస్తారు. దుర్భిణితో ట్యాంకరుమీది అంకెలు చదువుతారు. చుట్టూ చేరిన జనం మాత్రం "వీళ్లేమిటి, వచ్చి నిలబడి చూస్తున్నారు!" అని విసుక్కుంటారు. ఆ విసుగు సరైనది కాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, వినండి.

మంట కంటికి కనిపిస్తుంది, దాని సెగ ఒంటికి తగులుతుంది. కాబట్టి ఎంత దగ్గరకు వెళ్లవచ్చో మన శరీరమే చెబుతుంది. విషవాయువులు చాలావరకు అలా చెప్పవు. సెప్టిక్ ట్యాంకుల్లో, మురుగునీటి మ్యాన్‌హోళ్లలో జరిగే మరణాల గురించి పత్రికల్లో చదివే ఉంటారు. ఒకరు లోపల పడిపోతారు. వారిని కాపాడబోయి రెండోవారు దిగుతారు, వారికోసం మూడోవారు. అక్కడ ఉండే హైడ్రోజన్ సల్ఫైడు తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే వాసన చూసే శక్తినే చంపేస్తుంది. వాసన లేదు కాబట్టి భయం లేదనుకున్నవాడు ఇక పైకి రాడు. వారి మంచితనాన్ని ఎవరూ శంకించలేరు. కాని ఆ మంచితనానికి తగిన జ్ఞానమూ, తగిన ముసుగూ తోడు లేకపోయాయి.

మొదట పేరు, తరువాతే నీరు

ప్రమాదకర రసాయనాలను మోసే ట్యాంకర్లమీద ఒక పలక ఉంటుంది. ఈసారి రోడ్డుమీద గమనించండి, దూరం నుంచే సుమా! అందులో పదార్థం పేరు, నాలుగు అంకెల ఐక్యరాజ్యసమితి సంఖ్య, ప్రమాద చిహ్నం, ఫోను నంబరు ఉంటాయి. 1005 అంటే అమ్మోనియా, 1017 అంటే క్లోరిన్, 1203 అంటే పెట్రోలు. ఏ దేశంలోనైనా ఈ సంఖ్యలు మారవు. అగ్నిమాపక సిబ్బంది మొదట వెదికేది దీన్నే.

పేరు తెలిస్తే ఏమవుతుంది? మీ పాఠ్యపుస్తకమే ఇందుకు జవాబు. అమ్మోనియా నీటిలో ఎంతో బాగా కరుగుతుంది. మామూలు ఉష్ణోగ్రత వద్ద ఒక లీటరు నీరు సుమారు 700 లీటర్ల అమ్మోనియాను తనలో కలుపుకుంటుంది. అందుచేత వాయుమేఘానికి అడ్డంగా సన్నని తుంపరను తెరలా చల్లితే చాలా భాగం కిందికి దిగిపోతుంది. క్లోరిన్ సంగతి వేరు. కారుతున్న క్లోరిన్ సిలిండరుమీద నీళ్లు కొడితే ఆమ్లాలు తయారై, లోహాన్ని తిని, చిన్న రంధ్రాన్ని పెద్దది చేస్తాయి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంమీద కొద్దిగా నీళ్లు పోస్తే వేడెక్కి చిందుతుంది. సోడియం లోహమైతే నీరు తగలగానే హైడ్రోజన్‌ను పుట్టించి మండుతుంది. పెట్రోలు నీటిమీద తేలి మంటను మరింత దూరం తీసుకుపోతుంది, దానికి నురుగు కావాలి. చూశారా! ఐదు పదార్థాలు, ఐదు పద్ధతులు. పేరు తెలియకుండా పైపు తెరిచేవాడు ధైర్యవంతుడు కాడు, తొందరపాటు మనిషి మాత్రమే.

రెండవది గాలి. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టే రైతు పొట్టు పడే వైపున ఎన్నడూ నిలబడడు. ఫైరింజను కూడా గాలి వచ్చే వైపు నుంచే, వీలైతే మెరక నుంచే దగ్గరకు వస్తుంది. మెరక ఎందుకంటే చాలా విషవాయువులు గాలికంటే బరువైనవి. క్లోరిన్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. అది నీటిలాగే పల్లానికి జారి, గుంటల్లోనూ కాలువల్లోనూ నిలుస్తుంది.

ఆ తరువాత చోటును మూడు వలయాలుగా విభజిస్తారు. లోపలి వలయంలోకి పూర్తి రక్షణ దుస్తులు, గాలి సిలిండరు ఉన్నవారే, అదీ జంటగానే వెళతారు. వారికేమైనా అయితే ఆదుకోవడానికి మరో జంట సిద్ధంగా ఉంటుంది. నడిమి వలయంలో, బయటికి వచ్చినవారిని దుస్తులతో సహా కడుగుతారు. లేకపోతే ఒంటికి అంటిన విషం ఆసుపత్రిదాకా పోతుంది. బయటి వలయం అధికారులకు, అంబులెన్సులకు. జనం దానికీ అవతలే ఉండాలి.

వీపుమీది సిలిండరులో ఆక్సిజన్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు, అది ఒత్తిడితో కుదించిన మామూలు గాలి. చిన్న లెక్క వేయండి. 6 లీటర్ల సిలిండరులో 300 బార్ల ఒత్తిడితో గాలి నింపితే బాయిల్ సూత్రం ప్రకారం బయట అది సుమారు 1800 లీటర్లు. కష్టపడే మనిషికి నిమిషానికి 40 లీటర్లు కావాలనుకుంటే 45 నిమిషాలకు సరిపోతుంది. వెళ్లడం, పని చేయడం, తిరిగి రావడం, కడిగించుకోవడం అన్నీ అందులోనే. బయట రెండు నిమిషాలు ఆగి ఆలోచించినవాడే లోపల ఆ నిమిషాలను వృథా చేయడు.

విశాఖ చెప్పిన పాఠం

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలో స్టైరీన్ ట్యాంకు వేడెక్కింది. స్టైరీన్ అణువులు ఒకదానితో ఒకటి గొలుసులా కలిసినప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి చర్య ఇంకా వేగమవుతుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచి, చర్యను అడ్డుకునే మరో పదార్థాన్ని తగినంత కలపాలి. ఆ రెండూ లోపించాయి. స్టైరీన్ అణుభారం 104, గాలి సగటు 29. భాగించి చూడండి, మూడున్నర రెట్లకు పైగా బరువు! ఆ ఆవిరి నేలబారున నిద్రపోతున్న ఇళ్లలోకి పాకింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, జాతీయ విపత్తు దళంవారు ఇల్లిల్లూ వెదికి జనాన్ని బయటికి చేర్చారు. కర్మాగారంలో సైరన్ ఉన్నా మోగించలేదని ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం తేల్చింది.

ఇక్కడే నా అసలు మాట. రక్షణ దళం తెలివిగా పని చేయాలంటే, దానికి తెలియవలసినవి ముందే తెలిసి ఉండాలి. 2015 ఆగస్టు 12న చైనాలోని టియాంజిన్ రేవులో రసాయనాల గోదాము పేలినప్పుడు మృతులు, గల్లంతైనవారు కలిసి 173 మంది. వారిలో నూరుమందికి పైగా అగ్నిమాపక సిబ్బందే. లోపల ఏమున్నదో మొదట చేరినవారికి స్పష్టంగా తెలియదు. అలాంటివారిని "ప్రాణాలకు తెగించారు" అని పొగిడి ఊరుకోవడం మనకు సులభం. కాని తెగించవలసిన అవసరం రాకుండా చూడటమే వారికి మనం చేయగల గౌరవం.

మన దేశంలో ప్రమాదకర రసాయనాలపై 1989లో వచ్చిన నియమాలున్నాయి. వాటి ప్రకారం పెద్ద కర్మాగారాల విషయంలో వెలుపలి ప్రాంతానికి కూడా అత్యవసర ప్రణాళిక ఉండాలి, ఏటా దానిని అభ్యాసం చేసి చూడాలి, ప్రమాదం ఎలా ఉంటుందో చుట్టుపక్కలవారికి చెప్పాలి. కాగితంమీద ఉన్న ఈ మాటలు వీధిలోకి రావాలి. కర్మాగారం గేటు దగ్గర ఏ రసాయనం నిల్వ ఉన్నదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి. ఏటా జరిగే అభ్యాసంలో దగ్గరి పాఠశాలలు కూడా పాల్గొనాలి. సైరన్ ఎలా మోగుతుందో తెలియని ఊరికి సైరన్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మరి మీరేం చేయగలరు? మీ ఊరి చుట్టూ ఐసు ఫ్యాక్టరీ, నీటిశుద్ధి కేంద్రం, గోదాము ఏవేవి ఉన్నాయో ఉపాధ్యాయులతో కలిసి పటం గీయండి. ఐసు ఫ్యాక్టరీల్లో అమ్మోనియా, నీటిశుద్ధి కేంద్రాల్లో క్లోరిన్ వాడటం మామూలే. ప్రమాదం జరిగితే చూడటానికి పోకండి, ఫోనుతో ఫొటోలు తీయబోకండి. 101కు గాని 112కు గాని ఫోను చేసి, పలకమీది సంఖ్య దూరం నుంచి కనబడితే చెప్పండి. గాలికి ఎదురుగానో, వెంబడో కాక, అడ్డంగా పక్కకు తప్పుకోండి. ఇంట్లో ఉండమని అధికారులు చెబితే తలుపులు, కిటికీలు మూసి సందుల్లో తడిగుడ్డలు కుక్కండి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే నీటిలో కరిగే అమ్మోనియా, క్లోరిన్‌ల విషయంలో కొంత మేలు. స్టైరీన్ నీటిలో దాదాపు కరగదు. కాబట్టి తడిగుడ్డను నమ్ముకొని అక్కడే నిలబడరాదు.

రేపు మీలో కొందరు ఆ ఫైరింజనులో వెళ్లేవారు కావచ్చు, మరికొందరు కర్మాగారాన్ని నడిపేవారు కావచ్చు. సాంద్రత, ద్రావణీయత, బాయిల్ సూత్రం మార్కుల కోసమే చదివే పాఠాలని అనుకోకండి. వాటిని ఎరిగినవారు దూరంగా ఆగి చూస్తున్నప్పుడు, వారిని తొందరపెట్టకుండా దారి వదలడం మనం నేర్చుకోవలసిన మొదటి సంగతి.