గొళ్లెం తీయండి, లెక్క తేల్చండి

హైదరాబాద్ ఛత్రినాక గల్లీల్లో లక్క గాజుల కార్ఖానాలు నడిపే అన్నలారా, ఒక్కమాట. లక్కను సరైన వేడి మీద సాగదీసి, వరస తప్పకుండా రాళ్లు పొదిగే చెయ్యి రాత్రికి రాత్రి తయారవదు. అలాంటి కారీగర్‌ను పక్క సేఠ్ నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి లాక్కుపోతాడేమోనని మీకు నిద్ర పట్టదు. నాకు తెలుసు. ఆ భయంతో మీరు చేసే పనులే నన్ను కలవరపెడుతున్నాయి.

మొదట అడ్వాన్స్ ఇస్తారు. అందులో తప్పులేదు. తర్వాత బాకీ తీరేదాకా కదలొద్దంటారు. నెల కూలి ఆపుతారు. ఆధార్ కార్డు బీరువాలో దాస్తారు. రాత్రిళ్లు బయట గొళ్లెం పెడతారు. ఇంతదూరం వస్తే అది వ్యాపారం కాదు, వెట్టి. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కింద ఆ బాకీయే చెల్లదు, చేయించినవారికి మూడేళ్ల దాకా జైలు. లోపల బొగ్గుల కుంపటి, మనుషులు, బయట గొళ్లెం. నిప్పు రేగితే ఎటు పోతారు? దయచేసి ఆలోచించండి.

పెద్దవాళ్లు నిలవడం లేదని పిల్లల్ని దించడం ఇంకా ఘోరం. పిల్లాడు కూలి పెంచమనడు, ఇంకో కార్ఖానా వెతుక్కోడు. 2015 జనవరిలో భవానీనగర్ ప్రాంతంలో పోలీసులు రెండు వందల మందికి పైగా పిల్లల్ని విడిపించారు. గాజుల పనిలో పెట్టిన ఆ పిల్లల్లో చాలామంది బిహార్ నుంచి తెచ్చినవాళ్లు. భవానీనగర్ మనకు దూరమా?

పనివాళ్లు పోతారన్న ఈ భయానికి ప్రభుత్వాలూ లొంగాయి. 2020 మేలో కర్ణాటక ప్రభుత్వం బిల్డర్లతో మాట్లాడాక, లాక్‌డౌన్‌లో వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే రైళ్లు రద్దుచేసింది. దేశమంతా తప్పుపడితే మళ్లీ నడపక తప్పలేదు.

కట్టేస్తే మనిషి నిలిచినా పనితనం నిలవదు. తండ్రి పడ్డ పాట్లు చూసిన కొడుకు ఆ కుంపటి దగ్గరికి రాడు. 2024లో మన లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. రేపు ఆ పేరు నిలిపే చేతులు ఎక్కడినుంచి తెస్తారు?

ఈ శనివారమే కూర్చుని లెక్క తేల్చండి. కార్డులు ఎవరివి వాళ్లకివ్వండి. పక్క కార్ఖానా ఇచ్చే కూలి మీరూ ఇవ్వండి.

ఇరుగుపొరుగు వారికీ ఓ మనవి. పగలంతా తలుపు తెరుచుకోని గది, ఇంటికి ఫోన్ చేయనివ్వని కుర్రాడు, బడి వేళ పనిలో వంగిన చిన్న తలలు కనబడితే ఊరుకోకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. అర్ధరాత్రయినా ఎత్తుతారు.