గడియారం లేని ప్రయోగశాల

సైన్సు విద్యార్థులమైన మనం "ఏమిటి?" అని అడుగుతున్నాం గాని "ఎంతసేపట్లో?" అని అడగటం లేదు. ఈ రెండో ప్రశ్న విలువ తెలియాలంటే డి.ఎన్.ఏ. సంగతి చూడండి.

పలుపుతాడులా మెలిపడిన రెండు పోగులే డి.ఎన్.ఏ. అని ఇంటర్మీడియట్ పిల్లలకూ తెలుసు. దాని ద్రావణాన్ని బాగా వేడిచేస్తే పోగులు విడిపోయి, 260 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని 30, 40 శాతం ఎక్కువగా పీల్చుకుంటాయి. మెల్లగా చల్లారిస్తే మళ్ళీ జతకూడతాయి. హార్వర్డులో మార్మర్, డోటీ ప్రభృతులు 1960లో ఇది చూపించారు. కలుస్తాయని తెలిసినంతటితో ఆగక, ఎంతసేపట్లో కలుస్తాయో కొలిచి 1968లో ప్రకటించినవారు అమెరికాకే చెందిన బ్రిటెన్, కోన్.

వారు దూడ డి.ఎన్.ఏ.ని చిన్న ముక్కలు చేసి, పోగులు విడదీసి, మళ్ళీ కలవనిచ్చారు. సుమారు 40 శాతం ఇట్టే జతకూడింది. మిగిలినదానికి దాదాపు లక్ష రెట్లు ఎక్కువ కాలం పట్టింది. ఎందుకు? పశువుల సంతలో ఒకే పోలిక ఎడ్లు వేలకు వేలుంటే కాడికి జత నిమిషంలో దొరుకుతుంది. సరైన జోడు ఒక్కటే ఉంటే సంతంతా తిరగాల్సిందే. అంటే తొందరగా కలిసిన ముక్కలకు సగటున లక్ష దాకా నకళ్ళున్నాయన్నమాట! డి.ఎన్.ఏ. అక్షరాలు చదివే యంత్రాలు లేని రోజుల్లో, గాఢతనూ కాలాన్నీ కొలిచి పట్టుకున్న రహస్యమిది. 2009లో మొక్కజొన్న జన్యురాశిని చదివి చూస్తే, అందులోనూ దాదాపు 85 శాతం ఇలా మళ్ళీ మళ్ళీ వచ్చే భాగాలేనని తేలింది.

"అవి కలిస్తే ఎకరానికి ఒక బస్తా ఎక్కువ పండిద్దంట్రా?" అని మా నాన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. బస్తా మాట నేను చెప్పలేను. కాని 2020లో ఊరూరా చేసిన ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్షలో జరిగింది ఇదే: 95 డిగ్రీల దగ్గర పోగుల్ని విడదీయటం, 60 డిగ్రీల దగ్గర చిన్న ముక్కల్ని వాటికి అతికించటం. అతుక్కోవటానికి ఎంతసేపు కావాలో తెలియకపోతే ఆ యంత్రానికి సెకన్లు ఎవరు నిర్ణయిస్తారు?

మరి మన చదువులో? రసాయనశాస్త్రంలో చర్యావేగం ఒక లెక్క. జీవశాస్త్రంలో డి.ఎన్.ఏ. ఒక బొమ్మ. రెంటికీ చుట్టరికం ఉందని చెప్పేవారు లేరు. రికార్డు పుస్తకాల్లో అంకెలు సీనియర్ల నుంచి జూనియర్లకు వారసత్వంగా వస్తున్నాయి. జవాబు ముందే తెలిసినచోట గడియారం చూడాల్సిన పనేముంది?

నారు ఎన్నాళ్ళకు పీకాలో, తడి ఎన్నాళ్ళకొకసారి పెట్టాలో వేళ్ళమీద లెక్కపెట్టే ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళం మనలో చాలామందిమి. కాలాన్ని కొలవటం మనకు కొత్త కాదు. కావలసినవి ఒక వేడినీళ్ళ తొట్టి, అతినీలలోహిత కాంతిని కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరు, ఒక గడియారం, కాస్త ఓపిక. మిత్రులారా! వచ్చే ఏడాది ఒక్క ప్రయోగమైనా జవాబు చెప్పకుండా మనచేత చేయించమని అధ్యాపకులను అడుగుదాం. వచ్చిన అంకె తప్పో ఒప్పో, అది మనం కొలిచిన అంకె కావాలి.