సముద్రం దాటేసరికి సగమైన ఆట

హాస్టల్ వార్షికోత్సవ సంచికలో వీడియో గేముల మీద వ్యాసం ఏమిటని పెద్దలకు అనిపించవచ్చు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కినవాణ్ని నేనే మొదటివాణ్ని. పీజీలో చేరాక నేను రాస్తున్నది ఇదని ఫోనులో చెబితే మా అమ్మ, "ఇందుకేనా అంత దూరం పంపింది?" అని నవ్వింది. అయినా రాస్తున్నాను. ఈ హాస్టల్లో పదో తరగతి దాకా ఉన్న నాకు బాగా తెలుసు, ఇక్కడ గోకు, నరుటో పేర్లు తెలియని తమ్ముడు దొరకడు. కానీ ఆ వీరులతో తయారైన ఆటలు జపాన్ దాటి బయటి దేశాలకు ఎలా చేరాయో, చేరేసరికి వాటిలో ఏం మిగిలిందో తెలిసినవాళ్లు తక్కువ. ఆ దేశాల అభిమానులు పడిన నిరాశ ఉత్త పిల్లచేష్ట కాదని నా అభిప్రాయం.

తెలియని మిత్రుల కోసం ఒక మాట. జపాన్‌వాళ్ల కార్టూన్ సీరియళ్లను, సినిమాలను అనిమే అంటారు. ఫైటింగ్ గేమ్ అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తలపడే ఆట. అనిమేలోని పాత్రలనే పెట్టి ఇలాంటి ఆటలు చేస్తారు. కాబట్టి వీటిని కొనేవాడు ఆటను మాత్రమే కొనడు. తాను ఏళ్ల తరబడి చూసిన కథను, ఆ గొంతులను, ఆ సంగీతాన్ని కలిపి కొంటాడు. అందులో ఏ కొంచెం తగ్గినా ఇట్టే పసిగడతాడు.

నరుటో సంగతి చూడండి. ఎయిటింగ్ అనే సంస్థ తయారుచేసిన 'గెకితో నింజా తైసెన్' జపాన్‌లో 2003 ఏప్రిల్‌లో గేమ్‌క్యూబ్ యంత్రం మీద విడుదలైంది. 2005 నవంబరుకల్లా నాలుగో భాగం కూడా వచ్చేసింది. అమెరికాలో మొదటి భాగం 'క్లాష్ ఆఫ్ నింజా' అనే పేరుతో వచ్చింది 2006 మార్చిలో! అక్కడివాళ్లు నాలుగో భాగం ఆడుతుంటే ఇక్కడివాళ్లు మొదటిదాని అట్ట విప్పుతున్నారన్నమాట. కారణం ఊహించడం కష్టం కాదు. నరుటో ఇంగ్లీషు గొంతులతో అమెరికా కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలైందే 2005 సెప్టెంబరులో. టీవీలో ఇంకా రాని పాత్రలు ఆటలో ముందే కనిపిస్తే కథలోని పట్టు పోతుంది. ఈ మేరకు నేను కంపెనీ పక్షమే. ఆలస్యాన్ని అభిమాని క్షమించగలడు.

క్షమించలేనిది ఆ తర్వాత జరిగింది. రెండో భాగం 2006లోనే వచ్చింది గానీ, మూడు, నాలుగు భాగాలు అమెరికా గేమ్‌క్యూబ్‌కు రానేలేదు. 2007 అక్టోబరులో వీ అనే కొత్త యంత్రం మీద వేరే పేరుతో మరో ఆట తెచ్చారు. పోనీ, జపాన్ నుంచి నాలుగో భాగం డిస్కు తెప్పించుకుందామా అంటే అది అమెరికా గేమ్‌క్యూబ్‌లో ఆడదు. ఏ ప్రాంతపు డిస్కు ఆ ప్రాంతపు యంత్రంలోనే ఆడేలా తాళం వేసి ఉంచారు. యంత్రం అసలుదే, డిస్కూ అసలుదే, రెండింటికీ పూర్తి డబ్బు కట్టినవాడు ఒక్కడే. అయినా ఆట నడవదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే. చివరికి అభిమానులే ఆ నాలుగో భాగాన్ని ఇంగ్లీషులోకి మార్చుకున్నారు, సొంత మార్పులు చేర్చుకుని ఏళ్ల తరబడి ఆడుతూ వచ్చారు.

యూరప్‌వాళ్ల బాధ ఇంకొక రకం. పాతకాలపు టీవీల్లో జపాన్, అమెరికాల్లో బొమ్మ సెకనుకు 60 సార్లు మారితే యూరప్‌లో చాలాచోట్ల 50 సార్లే మారేది. దానికి తగ్గట్టు ఆటను సరిచేయాలి. చాలా ఆటలను సరిచేయకుండానే అమ్మారు. దాంతో ఆట ఆరోవంతు నెమ్మదించింది, తెర పైనా కిందా నల్లని పట్టీలు పడ్డాయి. ఇంకే ఆటలోనైనా సర్దుకోవచ్చునేమో గానీ, రెప్పపాటులో దెబ్బ కాచుకోవలసిన ఫైటింగ్ గేములో అది ఆడేవాడి చేతులు పట్టుకున్నట్టే.

అసలే రాని ఆటల జాబితాకు అంతు లేదు. 'బ్లీచ్: హీట్ ద సోల్' ఆటలు పీఎస్‌పీ యంత్రం మీద 2005 నుంచి 2010 దాకా ఏడు వచ్చాయి, పాశ్చాత్య దేశాల్లో ఒక్కటీ విడుదల కాలేదు. నలభైకి పైగా కామిక్‌ల వీరులను ఒకచోట చేర్చిన 'జంప్ అల్టిమేట్ స్టార్స్' 2006లో జపాన్‌లోనే ఆగిపోయింది. ఒక్కో కథకు విదేశీ హక్కులు ఒక్కో సంస్థ దగ్గర ఉంటే అందరి సంతకాలూ తేవడం తేలిక కాదు, నిజమే. కానీ తలచుకుంటే అవుతుంది. 'తత్సునొకో వర్సెస్ కాప్‌కామ్' 2008 డిసెంబరులో జపాన్‌లో వచ్చినప్పుడు, ఇన్ని హక్కుల చిక్కుముడులున్న ఆట బయటికి రాదనే అనుకున్నారు. 2010 జనవరిలో వచ్చింది. ఒక పాత్ర పోయింది గానీ, కొత్తగా ఐదుగురు చేరారు. ఏడాది ఆగినవాడికి ఆ కొత్త పాత్రలతో కొంత ఊరట దొరికింది.

ఇక గొంతుల గొడవ. 'డ్రాగన్ బాల్ జీ: బుడోకాయ్ 3' 2004లో అమెరికాకు ఇంగ్లీషు గొంతులతోనే వచ్చింది. జపనీస్ గొంతులు కావాలని అడిగినవాళ్లు ఉన్నారు. తర్వాత అదే ఆటను తగ్గింపు ధరకు మళ్లీ వేసినప్పుడు ఆ గొంతులు చేర్చారు! ఎక్కువ డబ్బు పెట్టి ముందుగా కొన్నవాడికి తక్కువ, ఆగి చవగ్గా కొన్నవాడికి ఎక్కువ. 2012లో ఆ పాత ఆటలను మెరుగుపరిచి ఒక సంపుటిగా తెచ్చినప్పుడు ఒకటీ మూడూ పెట్టి రెండోదాన్ని వదిలేశారు. పాత సంగీతం మీద కాపీ ఆరోపణలు రావడంతో దాన్నీ మార్చేశారు. సంగీతం మార్చడంలో తప్పు లేదు. కానీ చిన్నప్పటి ఆటను మళ్లీ వినాలని కొనేవాడికి ఆ మాట అట్ట మీదే చెప్పాలి కదా.

కొందరు అభిమానులు అనువాదకుల మీద, చిన్న ఉద్యోగుల మీద నోరు పారేసుకుంటారు. దాన్ని నేను సమర్థించను. హక్కులు కొనేదీ, తేదీలు పెట్టేదీ వాళ్లు కాదు.

ఈమధ్య ఆలస్యం దాదాపు పోయింది. 2018లో 'డ్రాగన్ బాల్ ఫైటర్‌జీ' అమెరికా, యూరప్‌లలో జనవరి 26న, జపాన్‌లో ఫిబ్రవరి 1న వచ్చింది. అంటే ఈసారి ఆగినవాళ్లు జపాన్‌వాళ్లే! అయితే నిరాశ పోలేదు, వేషం మార్చుకుంది. 2019లో ప్రపంచమంతటా విడుదలైన 'జంప్ ఫోర్స్'ను 2022 ఫిబ్రవరిలో ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీసేశారు. అదే ఏడాది ఆగస్టులో దాని ఆన్‌లైన్ సేవల్లో చాలావాటిని కూడా ఆపేశారు. మూడున్నరేళ్లు! మన కాస్మెటిక్ ఛార్జీలు దాచుకుని కొనగలిగేవి కావు ఈ ఆటలు. కొత్త ఆట అమెరికాలోనే 60, 70 డాలర్లు. అంత పెట్టి కొన్నవాడికి ఆ సేవలు ఇక లేవు. డిస్కు రాని రోజుల కంటే ఇది మెరుగని నేను అనలేను.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి మాత్రం రెండు పాత సంగతులు. ఫ్రాన్సులో డ్రాగన్ బాల్‌ను 1988 నుంచి టీవీలో చూపించారు, పిల్లలు వెర్రిగా అభిమానించారు. అందుకే 1993లో 'సూపర్ బుతోదెన్' ఆట అమెరికాకు రాకపోయినా ఫ్రాన్సుకు వచ్చింది, అదీ ఫ్రెంచి భాషలో. బ్రెజిల్‌లో 'యూయూ హకుషో' అనిమేకు అలాంటి ఆదరణే ఉంది. 1994లో జపాన్‌లో వచ్చిన దాని మెగా డ్రైవ్ ఆటను అక్కడి టెక్‌టాయ్ సంస్థ 1999లో పోర్చుగీసులో విడుదల చేసింది. అప్పటికి ఆ యంత్రం మిగతా ప్రపంచంలో పాతబడిపోయింది. కానీ బ్రెజిల్ ఇళ్లలో ఇంకా ఉంది, కాబట్టి ఆ యంత్రానికే ఆటను తెచ్చారు. అమెరికావాడికి దక్కని ఆట బ్రెజిల్ పిల్లవాడికి సొంత భాషలో దక్కింది! డబ్బున్న దేశానికే అన్నీ ముందు వస్తాయనే మాట ఇక్కడ నిలవదు. చూసేవాళ్లు ఎక్కడున్నారో గుర్తించినవాడు తెచ్చాడు, అంతే.

మరి మన సంగతి? 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' సినిమా మన థియేటర్లలో తెలుగు గొంతులతో కూడా ఆడింది. తెలుగులో చూసేవాళ్లు ఉన్నారని సినిమావాళ్లు గుర్తించారు. అదే అనిమేతో 2021లో, 2025లో వచ్చిన 'హినోకామి క్రానికల్స్' ఫైటింగ్ గేముల్లో తెలుగు అక్షరం ఒక్కటి లేదు. గొంతులు పెట్టడం ఖర్చుతో కూడిన పనే కావచ్చు, తెర కింద మాటలైనా తెలుగులో వేయవచ్చు. తొమ్మిదో తరగతి చదివే మా చిన్నాన్న కొడుక్కి తాంజిరో కత్తి పట్టే తీరులన్నీ కంఠతా వచ్చు. ఎవరో ఆ ఆట ఆడుతున్న వీడియోను ఫోనులో చూస్తూ, మాటలు రాగానే ఆపి, "అన్నా, కింద ఏమని రాశారు?" అని అడుగుతాడు. నేను ఊళ్లో ఉన్న రోజుల్లో చదివి చెబుతాను. లేని రోజుల్లో ఆ భాగం దాటించి నేరుగా పోరాటం దగ్గరికి వెళ్లిపోతాడు.