చాబీ ఎవరిది వాళ్లకే

మా భాంజా, అతని ముగ్గురు దోస్తులు కలిసి మా బావగారి కిరాణా దుకాణం కోసం ఉద్దెర ఖాతా యాప్ రాస్తున్నారు. కోడ్ గిట్‌హబ్‌లో ఉంది. 2021 ఆగస్టు 13 నుంచి అక్కడికి కోడ్ పంపడానికి ఖాతా పాస్‌వర్డ్ చెల్లదు. ఎస్‌ఎస్‌హెచ్ కీ గానీ టోకెన్ గానీ కావాలి. మావాడు కీ చేసుకుని, ప్రైవేట్ కీ ఫైలును నలుగురి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. కోప్పడితే, "అందరూ మనోళ్లే కదా మామూ, ఇందులో పర్దా ఏంటి?" అన్నాడు.

నెల తిరక్కుండానే ఒక పొద్దున చూస్తే రెండు నెలల మెహనత్ మాయం. ఎవరో ఫోర్స్ పుష్ కొట్టారు. ఒకడి లాప్‌టాప్‌లో కాపీ ఉండబట్టి కోడ్ దొరికింది, షుకర్. కానీ చేసిందెవరు? నలుగురి చేతిలో ఒకే చాబీ. గిట్‌హబ్ లెక్కలో ప్రతి పుష్ మావాడి ఖాతాదే. ఒక పిల్లాడి మీద షక్ పడింది. కసమ్ తిని కాదన్నాడు. బేకసూర్ అని చూపించుకోవడానికి సబూత్ ఏదీ?

వేరే వేరే కీలంటే భరోసా లేనట్టేనని మనవాళ్లు అనుకుంటారు. నా రాయ్ ఉల్టా. ఎవరి కీ వాళ్లకుంటే ఆ పిల్లాడి ఇజ్జత్ నిలిచేది.

పనేమో పది నిమిషాలది. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌కు ఈడీ25519 రకం కావాలని చెబితే రెండు ఫైళ్లు పుడతాయి. పేరు చివర 'పబ్' ఉన్నది గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో పెట్టాలి. దాన్ని ఎవరు చూసినా ఫికర్ లేదు. రెండోది మన మెషీన్ దాటకూడదు. దానితో మన కంప్యూటరే దస్తఖత్ చేస్తుంది, అవతలి సర్వర్ పబ్లిక్ కీతో పరఖ్ చేసుకుంటుంది. పాస్‌ఫ్రేజ్ అడిగితే ఖాళీగా ఎంటర్ కొట్టకండి. లాప్‌టాప్ చోరీ అయిన రోజు అదే అడ్డం నిలబడుతుంది.

ఒకసారి బయటపడ్డ కీ ఇక పనికిరాదు, మెసేజ్ డిలీట్ చేస్తే సరిపోదు. 2023 మార్చిలో గిట్‌హబ్ సొంత ఆర్‌ఎస్‌ఏ హోస్ట్ కీయే పొరపాటున ఒక పబ్లిక్ రిపోజిటరీలో కాసేపు కనబడింది. వాళ్లు బహానాలు చెప్పకుండా కీనే మార్చేశారు.

పోయిన ఇత్వార్ పిల్లల్ని మా దాలాన్‌లో కూర్చోబెట్టాను. పాత కీ తీసేయించి, ఎవరి ఖాతాలో వాళ్ల కీ పెట్టించి, రిపోజిటరీలో అందరినీ కొలాబరేటర్లుగా చేర్పించాను. నలుగురిని పిలిస్తే ముగ్గురే వచ్చారు. నాలుగో పిల్లాడికి మావాడు పంపిన ఇన్విటేషన్ ఇంకా అలాగే పడి ఉంది.