లాఠీని లెక్క అడిగేదెవరు?

2020 జూన్ 19. కొవిడ్ లాక్‌డౌన్ రోజులు. తమిళనాడులోని తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుకునే ఒక కుటుంబంలోని తండ్రిని, ఆ వెనకే కొడుకును పోలీసులు స్టేషనుకు తీసుకెళ్లారు. అనుమతించిన వేళ దాటాక కూడా దుకాణం తెరిచి ఉంచారన్నది ఆరోపణ. ఆ రాత్రంతా ఇద్దరినీ కొట్టారని తర్వాత దర్యాప్తులో బయటపడింది. మర్నాడు రిమాండు చేసి కోవిల్‌పట్టి సబ్‌జైలుకు పంపారు. 22వ తేదీ రాత్రి కొడుకు, 23 ఉదయం తండ్రి ఆసుపత్రిలో చనిపోయారు.

కోవిల్‌పట్టి, ఎట్టయపురం చుట్టుపక్కల ఊళ్లలో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ పేజీ చదివే మనకు అది ఎక్కడో దూరాన జరిగిన సంగతి కాదు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఆలోచించాల్సిన విషయం. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం కేసును తనంతట తానే చేపట్టింది. విచారణకు వెళ్లిన జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు స్టేషనులో సహకారం అందలేదు. సీసీ కెమెరాల దృశ్యాలు ఏ రోజువి ఆ రోజే చెరిగిపోయేలా అమర్చి ఉన్నాయి. చివరికి ఆ స్టేషనును రెవెన్యూ అధికారుల అధీనంలో ఉంచమని హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అక్కడే పనిచేసే ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ భయపడుతూనే చూసింది చూసినట్టు చెప్పారు. కేసు సీబీఐ చేతికి వెళ్లింది. పోలీసులపై హత్యానేరం కింద అభియోగపత్రం దాఖలైంది.

ఇంత జరిగాక పరిస్థితి మారాలి. కానీ 2025 జూన్‌లో అదే రాష్ట్రంలో, శివగంగ జిల్లాలో, ఒక గుడి కాపలా ఉద్యోగి పోలీసుల చేతిలో దెబ్బలు తిని చనిపోయాడు. ఒక భక్తురాలి కారులో నగలు పోయాయన్న ఫిర్యాదుపై అతన్ని ప్రశ్నించారు. అతని ఒంటి మీద 44 గాయాలున్నట్టు పోస్టుమార్టం నివేదిక చెప్పింది. మళ్లీ అదే మదురై ధర్మాసనం, మళ్లీ సీబీఐ దర్యాప్తు. కొందరు పోలీసులను అరెస్టు చేసినంత మాత్రాన ఈ జబ్బు ఎందుకు కుదరడం లేదు?

జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. శిస్తు వసూలు కోసం రైతులను హింసిస్తున్నారన్న ఆరోపణలపై మద్రాసు ప్రెసిడెన్సీలో 1855లోనే ఒక కమిషన్ విచారణ జరిపింది. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. హింస నిజమేనని కమిషన్ తేల్చింది. 1859లో మద్రాసుకు విడిగా పోలీసు చట్టం వచ్చింది. 1857 తిరుగుబాటు అణిగాక దేశమంతటికీ 1861 పోలీసు చట్టం తెచ్చారు. పాలకుల మాట వినే బలగాన్ని తయారుచేయడమే దాని పని. పైఅధికారికి, ప్రభుత్వానికి పోలీసు జవాబు చెప్పాలి. ప్రజలకు చెప్పాల్సిన పని లేదు. తర్వాత చాలా రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకున్నాయి గానీ ఆ మూస మారలేదు.

మన దగ్గర నియమాలకు కొరత లేదు. అరెస్టు చేసేటప్పుడు పోలీసు పేరు, హోదా కనిపించాలి. అరెస్టు పత్రం రాసి సాక్షి సంతకం తీసుకోవాలి. బంధువుకు కబురు చేయాలి. 48 గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి. ఇవన్నీ డి.కె.బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పినవే. ప్రతి స్టేషనులోనూ సీసీ కెమెరాలు ఉండాలని, దృశ్యాలను 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని 2020 డిసెంబరులో ఆదేశించింది. అయినా కెమెరాలు పనిచేయని సంగతిని 2025లో ఆ కోర్టే మళ్లీ తనంతట తానుగా విచారణకు తీసుకుంది.

లోపం ఎక్కడంటే, ఈ నియమాలు పాటిస్తున్నారో లేదో చూసేదీ పోలీసులే. కెమెరా స్విచ్చు వాళ్ల చేతిలో ఉంటుంది. అరెస్టు పత్రం రాసేది వాళ్లే. స్టేషను గోడల లోపల జరిగిన దానికి సాక్షులూ వాళ్లే. పై నుంచి నిజం చెప్పిన ఆ హెడ్ కానిస్టేబుల్ లాంటి వారు అందరికీ దొరకరు.

మాజీ పోలీసు అధికారి ప్రకాశ్ సింగ్ వేసిన కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ లోపాన్ని సరిగ్గానే గుర్తించింది. డీజీపీకి కనీసం రెండేళ్ల పదవీకాలం ఇవ్వమంది. నేర దర్యాప్తును, శాంతిభద్రతల పనిని వేరుచేయమంది. అన్నిటికంటే ముఖ్యంగా, పోలీసులపై ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలోనూ జిల్లాలోనూ విడి సంస్థలు పెట్టమంది. రాష్ట్ర సంస్థకు రిటైర్డ్ హైకోర్టు లేదా సుప్రీంకోర్టు న్యాయమూర్తి, జిల్లా సంస్థకు రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షత వహించాలంది. తమిళనాడు 2013లో చట్టమైతే చేసింది గానీ, రాష్ట్ర సంస్థకు హోం శాఖ కార్యదర్శిని, జిల్లా సంస్థకు కలెక్టరును అధ్యక్షులుగా పెట్టింది. పోలీసు శాఖను నడిపే ప్రభుత్వమే పోలీసుపై ఫిర్యాదు వింటే ఆ సంస్థ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

చిత్రహింసకు ప్రత్యేకంగా చట్టమూ లేదు. హింసకు వ్యతిరేకమైన ఐక్యరాజ్యసమితి ఒప్పందంపై భారత్ 1997లో సంతకం చేసినా ఇప్పటికీ దాన్ని ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన బిల్లు రాజ్యసభ దాటకుండానే మురిగిపోయింది. కస్టడీలో ఉన్న మనిషికి గాయమైతే అది పోలీసు చేసిందేనని కోర్టు భావించవచ్చని, కాదని చూపే బాధ్యత పోలీసు మీదే ఉండేలా చట్టం మార్చాలని లా కమిషన్ 1985లోనే సిఫారసు చేసింది. 2017లో మళ్లీ చెప్పింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర చట్టాల్లోనూ అది చేరలేదు.

కానిస్టేబుల్ వైపు నుంచి కూడా చూడాలి. మన పోలీసులు రోజుకు సగటున 14 గంటలు పనిచేస్తున్నారని 2019 నాటి ఒక దేశవ్యాప్త సర్వే చెప్పింది. బందోబస్తుకు వెళ్లొచ్చిన మనిషి చేతికే దొంగతనం కేసూ ఇస్తారు. వేలిముద్రలు, ఫోరెన్సిక్ పరీక్షలు, ఓపికతో చేసే విచారణ కోసం ఆయనకు తీరిక లేదు, శిక్షణ లేదు. కేసు తొందరగా తేల్చమని పై నుంచి ఒత్తిడి మాత్రం ఉంటుంది. అందుకే దర్యాప్తు విభాగాన్ని వేరు చేయమన్న ఆదేశం నిందితుడికి ఎంత మేలో, కానిస్టేబుల్‌కూ అంతే మేలు.

ఇందులో మన వంతు తప్పు కూడా ఉంది. 2019 డిసెంబరు 6న హైదరాబాద్ దగ్గర చటాన్‌పల్లిలో 'దిశ' కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్, పోలీసులు చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని 2022లో నివేదించింది. చనిపోయిన వారిలో ముగ్గురు అప్పటికి మైనర్లేనని కూడా తేల్చింది. ఆ ఆడబిడ్డకు జరిగిన ఘోరానికి కోర్టులో విచారణ జరగాల్సింది, శిక్ష పడాల్సింది. అది జరగకుండానే ముగిసింది. చటాన్‌పల్లిలో లెక్క అడగని మనం సాత్తాన్‌కుళంలో అడిగితే ఆ మాటకు బలం ఉండదు.

భాష కూడా ఇక్కడ ప్రాణాలకు సంబంధించిన విషయమే. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఆంధ్రప్రదేశ్ టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. వాళ్లు తమిళనాడు నుంచి వచ్చినవారు. ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులు అన్నారు, హక్కుల సంఘాలు ఒప్పుకోలేదు. ముంబయిలోనో బెంగళూరులోనో ఉన్న తెలుగు కూలీ పరిస్థితీ అలాంటిదే. స్టేషనులో ఏం రాశారో చదవలేడు, తన మాట చెప్పుకోలేడు.

ఈ విషయంలో కోర్టులు మన పక్షాన ఉన్నాయి. హిందీ మాత్రమే తెలిసిన వ్యక్తికి నిర్బంధ కారణాలు ఇంగ్లిష్‌లో ఇచ్చారని, ఆ నిర్బంధం చెల్లదని 1962లోనే హరికిషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు ఏ నేరానికైనా సరే, కారణాలను అరెస్టయిన వ్యక్తికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరులో మహారాష్ట్ర నుంచి వచ్చిన మరో కేసులో స్పష్టం చేసింది. అప్పటికప్పుడు రాసి ఇవ్వలేకపోతే, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇచ్చి తీరాలంది. మన భాషలో కాగితం అడగడం ఇక బతిమాలుకోవాల్సిన పని కాదు, హక్కు.

సంస్కరణ అంటే ప్రభుత్వాలు చేయాల్సింది స్పష్టంగానే ఉంది. న్యాయమూర్తి అధ్యక్షతన స్వతంత్ర ఫిర్యాదు సంస్థ, విడి దర్యాప్తు విభాగం, హింసను నేరంగా చూసే చట్టం. వీటిని మన శాసనసభ్యులను మనం అడగాలి.

మన బడులు చేయగలిగింది కూడా ఉంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సాంఘికశాస్త్రం పాఠంలో ప్రాథమిక హక్కులు వస్తాయి. ఆ రోజు 22వ అధికరణం దగ్గర ఆగి నాలుగు మాటలు తెలుగులో బోర్డు మీద రాయిద్దాం. అరెస్టుకు కారణం మనకు తెలిసిన భాషలో చెప్పాలి. ఇంటికి కబురు చేయాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం ఉంది, దాని నంబరు 15100. ఈ నాలుగూ పిల్లలు నోట్సులో రాసుకుని ఇంట్లో అమ్మానాన్నలకు చదివి వినిపించాలి.