పొరుగువారి యక్షరములు

శ్రీహరికోట తెలుగుదేశమునకు దక్షిణపు గడప. తూర్పున సముద్రము, పడమట పులికాటు సరస్సు. ఆ సరస్సు దక్షిణభాగము తమిళనాటిది. సూళ్లూరుపేటలో లోకల్ రైలెక్కినవాడు పూట గడువకమునుపే చెన్నపట్టణమున దిగును. ఇట్టి తావున నివసించువారికి తమిళదేశము పరదేశము కానేరదు.

మనవారు తమిళనాటి క్షేత్రములకు తరచుగా పోవుచున్నారు. కాంచి, శ్రీరంగము, తంజావూరు, మధుర సేవించుచున్నారు. గోపురముల ఛాయాచిత్రములు తీసికొనుచున్నారు. దారి పొడవున తమిళ సినిమాపాటలు వినుచున్నారు. ఇది సంతోషింపదగినదే. అయినను మేమొక ప్రశ్న యడుగుదుము: ఇన్ని యాత్రలు చేసినవారిలో, ఆ గుడివాకిటనున్న పలకను చదువగలవారెందరు?

చూచుట వేరు, చదువుట వేరు. 1858లో లినేయస్ ట్రైప్ అను నాంగ్లేయుడు తంజావూరు పెద్దగుడిని చిత్రించుచు, శిల్పములతో తృప్తినొందక, గోడల యడుగున చెక్కిన శాసనములను గూడ వరుసగా పట్టుకొనెను. మన చిత్రములలో మన ముఖములు ముందు, దేవాలయము వెనుక! 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు తమిళనాటి గుడులలో సెల్‌ఫోనులను నిషేధింప నుత్తరువిచ్చినందుకు నొచ్చుకొనవలసిన పనిలేదు. కెమెరా పోయినను కన్నులుండును. అక్షరమెరిగిన కన్నులకు గోడలు మాటలాడును.

ఆ గోడలలో మన చరిత్రయు కలదు. తిక్కన నాదరించిన నెల్లూరు చోడుల వంశము కాంచీపురమునేలినది. వారి శాసనములచ్చటి గుడులలోనున్నవి. నాటి నెల్లూరు జిల్లా శాసనములను బటర్‌వర్తు, వేణుగోపాలసెట్టి గారలు 1905లో ప్రకటింపగా, వానిలో తమిళ శాసనములు పెక్కులు కానవచ్చినవి. శ్రీకృష్ణదేవరాయలు తెలుగున ఆముక్తమాల్యద రచించినది శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవిని గూర్చి. ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు మారుగా వినబడునది ఆమె తమిళ తిరుప్పావైయే.

పాటల సంగతియు నింతే. ఉత్తమ నేపథ్యగాయనికి జాతీయ పురస్కారము తొలిసారి లభించినది విజయనగరపు పి. సుశీల గారికి; అదియు 1968 నాటి ‘ఉయర్ంద మనిదన్’ అను తమిళ చిత్రములోని పాటకు. నెల్లూరుసీమ బిడ్డ బాలసుబ్రహ్మణ్యము గారు 1969లో ‘అడిమైప్పెణ్’ చిత్రమున పాడి తమిళుల మనసులు చూరగొనిరి. పరభాషను నోటికి తెచ్చుకొని పాడుటకు వారు పడిన శ్రమలో, వినుటకు మనము పదవవంతైన పడవలదా?

1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడెను. సరిహద్దు తగవు తీరి 1960లో తిరుత్తణి తమిళులకు చేరెను. హద్దురాయి భూమికే గాని బుద్ధికి గాదు. అయినను ‘అరవచాకిరి’ వంటి మాటలింకను మన నోట దొరలుచున్నవి. 2006లో తమిళనాట తమిళ పఠనమును నిర్బంధము చేయు చట్టము రాగా, అచటి తెలుగువారు తమ బిడ్డలకు మాతృభాష కావలెనని వాదించిరి. ఆ వాదము న్యాయమైనది. కాని న్యాయము కోరువాడు తాను న్యాయము చేసి రావలెనని ధర్మసూత్రము. తెలుగునకు గౌరవమడుగు మనము తమిళమునకేమి గౌరవమిచ్చితిమి?

తెలుగే క్షీణించుచుండగా తమిళమేలయని కొందరందురు. త్యాగరాజస్వామి తమిళుల నడుమ తిరువయ్యారున వసించి తెలుగున కీర్తించెను. తమిళ విద్వాంసులా కీర్తనలను తమ లిపిలో వ్రాసికొని నేటికిని పాడుచున్నారు. పొరుగుభాష నేర్చినందున ఎవరి భాషయు చెడలేదు.

కావున సూళ్లూరుపేట, తడ, నాయుడుపేటల పఠనమందిరములు వారమునకు రెండు సాయంకాలములు తమిళాక్షరములు నేర్పవలయునని మా సూచన. అచ్చులు 12, హల్లులు 18. శ్రద్ధ గలవానికి కొన్ని వారములు చాలును. నేర్పుటకు తమిళ మిత్రులనర్థింతము. వారడిగిన తెలుగు నేర్పుదము. 2023 జులై 14న ఈ దీవినుండియే చంద్రయాన్-3 యెగసినది. దాని ప్రాజెక్టు డైరెక్టరు విల్లుపురమున జన్మించిన వీరముత్తువేలు గారు. చంద్రమండలము వరకు కలిసి పోగలిగిన మనకు పులికాటు ఆవలియొడ్డు దూరమగునా?