మన గోల్ఫ్ క్లబ్బుల్లో కర్రలు కొలిచే మెషిన్ పెట్టాలి



జాకెట్టు కుట్టాలంటే దర్జీ ముందు టేపు తీస్తాడు. కళ్ళజోడు కావాలంటే కళ్ళ పరీక్ష చేయించుకుంటాం. వేలకు వేలు పోసి కొనే గోల్ఫ్ కర్రల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెట్టెలోంచి తీసినవి తీసినట్టే బ్యాగులో సర్దేసుకుంటున్నాం. బంతి సరిగా పోకపోతే తప్పంతా మన స్వింగ్‌దేనని ఒప్పేసుకుంటున్నాం. ఈ అలవాటు పోవాలి. ప్రతి గోల్ఫ్ క్లబ్బులో కర్రల కోణాలు కొలిచి సరిచేసే లాఫ్ట్-లై మెషిన్ ఒకటి, దాన్ని నడపడం తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. అది అడగడానికే ఈ కరపత్రం.

నా సంగతి చెబుతాను. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. మొదటి సెట్ కొన్న రోజున నా ఎత్తెంతని ఎవరూ అడగలేదు. ఏడో నంబరు ఐరన్‌తో జెండాకే గురిపెట్టినా బంతి ఎడమకు పోయేది. "చేతులు తిప్పేస్తున్నారు సార్" అన్నారు. తిప్పకుండా ఉండాలని గ్రిప్ మార్చుకున్నాను. నాలుగేళ్ళు దానితోనే కుస్తీ పట్టాను. చివరికి వేరే ఊళ్ళో ఒకాయన నా మణికట్టు నుంచి నేల దాకా టేపు పెట్టి కొలిచి, ఐరన్లను మెషిన్‌కు బిగించి చూశాడు. పొట్టివాడి చేతులు నేలకు దగ్గరగా ఉంటాయి. పొడుగు కర్ర పట్టుకుంటే దాని ముక్కు పైకి లేస్తుంది. ముక్కు లేచిన కర్ర, కుడిచేతి ఆటగాడి బంతిని ఎడమకు పంపుతుంది. షాఫ్టుకూ నేలకూ మధ్య ఉండే ఈ కోణాన్నే లై అంటారు. ఆయన నా ఐరన్ల మెడలు రెండేసి డిగ్రీలు వంచి పెట్టాడు. గంట పని. బంతి ఎడమకు పోవడం ఆగింది. అయితే నాలుగేళ్ళు సాధన చేసిన తప్పుడు గ్రిప్ వల్ల ఈసారి కుడికి పోవడం మొదలెట్టింది. దాన్ని వదిలించుకోవడానికి మరో ఆరు నెలలు పట్టింది. పోయిన డబ్బు కన్నా ఆ కాలమే నాకు ఎక్కువ బాధ. ఇంకెవరికీ అలా పోకూడదు.

ఇక లాఫ్ట్, అంటే కర్ర ముఖం వెనక్కి వాలిన కోణం. 1970లలో ఏడో నంబరు ఐరన్‌కు సుమారు 36 నుంచి 38 డిగ్రీలు ఉండేది. ఇవాళ కొత్తవాళ్ళ కోసమని అమ్మే చాలా సెట్లలో అది 30 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటోంది. అంటే పాత ఐదో నంబరు మీద ఏడు అని అచ్చేసినట్టే. కంపెనీలు బరువును తలలో అడుగుకు దించాయి కాబట్టి బంతి బాగానే లేస్తుంది, అందులో మోసం లేదు. చిక్కు సెట్ చివరన వస్తుంది. పిచింగ్ వెడ్జ్ 44 డిగ్రీలు, దాని పక్కన మనం విడిగా కొన్న శాండ్ వెడ్జ్ 56. మధ్యలో 12 డిగ్రీల గొయ్యి. ఐరన్ల మధ్య నాలుగేసి డిగ్రీల తేడా ఉండాల్సిన చోట ఇంత ఖాళీ ఉంటే, వంద గజాల దగ్గర నిలబడినవాడి చేతికి సరైన కర్రే దొరకదు. సగం స్వింగ్ వేస్తాడు, బంకర్లో పడతాడు, తనను తానే తిట్టుకుంటాడు. 50 డిగ్రీల వెడ్జ్ ఒకటి చేరిస్తే తీరిపోయే కష్టం అది. తన కర్రల డిగ్రీలు తనకు తెలిస్తే కదా చేర్చడానికి!

కర్రను నెమ్మదిగా ఊపేవాళ్ళ ఇబ్బంది ఇంకో రకం. లాఫ్ట్ తక్కువైన ఐదు, ఆరు నంబర్లు వాళ్ళ చేతుల్లో ఇంచుమించు ఒకే దూరం పోతాయి. 9 డిగ్రీల డ్రైవర్ మగతనానికి గుర్తన్నట్టు కొంటారు. 12 డిగ్రీలది కొంటే బంతి ఇంకాస్త గాలిలో నిలిచి ముందుకు పోతుంది. పొడవు విషయంలోనూ అంతే. దుకాణంలో డ్రైవర్ నలభై అయిదున్నర అంగుళాలు, ఆపైనా ఉంటుంది. ఆటే బతుకుతెరువుగా ఉన్న ప్రొఫెషనల్స్‌లో చాలామంది అంతకన్నా పొట్టిది వాడతారు. ముఖం మధ్యలో తగలని బంతికి షాఫ్టు పొడవు ఏ మేలూ చేయదు. ఒక అంగుళం కిందికి పట్టుకుని పది బంతులు కొట్టి చూడండి, ఖర్చు లేని పరీక్ష.

ఆడవాళ్ళకూ పిల్లలకూ జరుగుతున్న అన్యాయం గురించి గట్టిగానే చెప్పాలి. భర్త పాత సెట్ భార్యకు, నాన్న పాత సెట్ కొడుక్కు, సభ్యులు వదిలేసినవి క్యాడీల పిల్లలకు. కాస్త ఆలోచించినవాళ్ళు రంపంతో పైన రెండంగుళాలు కోసి ఇస్తారు. కోస్తే పొడవు తగ్గుతుంది, స్టీలు బరువు పెద్దగా తగ్గదు. పైగా షాఫ్టు ఇంకా బిర్రబిగుస్తుంది, తల చేతికి తెలియకుండా పోతుంది. అర అంగుళం కోస్తేనే స్వింగ్ వెయిట్, అంటే ఊపేటప్పుడు తల వైపు తెలిసే బరువు, సుమారు మూడు పాయింట్లు పడిపోతుంది. కోసినప్పుడల్లా తలకు బరువు, లై కోణం మళ్ళీ చూసుకోవాలి. పిల్లలకైతే తేలికపాటి షాఫ్టులే కావాలి. ఇనప గొట్టం ఊపలేక ఊపిన పిల్ల "నాకీ ఆట రాదు" అని వెళ్ళిపోతే ఆ తప్పు ఎవరిది?

ఇది కొత్త విద్యేమీ కాదు. పింగ్ కంపెనీ స్థాపించిన ఇంజనీరు కార్‌స్టెన్ సోల్‌హైమ్ ఆటగాడి కొలతను బట్టి లై కోణాలకు రంగు చుక్కలు పెట్టి 1970లలోనే అమ్మాడు. బ్రైసన్ డిషాంబో తన ఐరన్లన్నీ ఒకే పొడవు, ముప్ఫై ఏడున్నర అంగుళాలు, చేయించుకుని 2020లో వింగ్డ్ ఫుట్‌లో యూఎస్ ఓపెన్‌ను ఆరు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. మనమందరం ఆయనలా చేయించుకోవాలని కాదు. కర్ర కొలత ఆటగాడి ఇష్టానికి లోబడేదని తెలియాలి.

"స్వింగ్ కుదిరాక చూద్దాం, అప్పుడే ఎందుకు?" అనే కోచ్‌లున్నారు. లాఫ్టుల విషయంలో ఆ మాట ఒప్పుకుంటాను, అవి స్వింగ్ నిలకడకొచ్చాక చూసుకోవచ్చు. మణికట్టు ఎత్తు మాత్రం పాఠాలతో మారదు. పొడవూ లై మొదటి రోజే చూడాలి.

వంచడం తెలిసినవాళ్ళే చేయాలని హెచ్చరిస్తున్నాను. మెత్తటి స్టీలుతో సాగగొట్టిన ఐరన్లు సులువుగా వంగుతాయి. పోతపోసిన స్టెయిన్‌లెస్ ఒకటి రెండు డిగ్రీలు దాటితే మెడ దగ్గర విరగవచ్చు. జింక్ మిశ్రమంతో చేసిన చవక సెట్లను అసలు వంచకూడదు. లాఫ్ట్ ఒక డిగ్రీ తగ్గిస్తే అడుగున ఉండే బౌన్స్ కూడా ఒక డిగ్రీ తగ్గి, కర్ర మట్టిలో దిగబడుతుంది. మెత్తటి ఐరన్లు మ్యాట్ల మీద కొట్టీ కొట్టీ వాటంతటవే కోణం తప్పుతాయి కూడా. కాబట్టి ఏడాదికోసారి చూపించుకోవాలి.

గోల్కొండ కోట పక్కన ఆడేవాళ్ళనైనా, విశాఖ ఈస్ట్ పాయింట్‌లో ఆడేవాళ్ళనైనా, అమెరికాలో ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో నేర్చుకుంటున్న మనవాళ్ళనైనా నేను కోరేది ఒకటే. కొలవకుండా కొనకండి, కొలవకుండా పాఠం మొదలెట్టకండి. కమిటీలు మెషిన్ కొనాలి. వందల మంది సభ్యులకు ఒక్కటి సరిపోతుంది. అమ్మే ప్రతి సెట్ పక్కన నంబర్లతో పాటు డిగ్రీలు రాసి పెట్టించాలి. పిల్లలకిచ్చే కర్రలు ఆ మెషిన్ మీదికి వెళ్ళకుండా వాళ్ళ చేతికి వెళ్ళకూడదు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. బంతి మీద వైట్‌బోర్డు మార్కర్‌తో నిలువు గీత గీసి, అది కర్ర ముఖం వైపు ఉండేలా పెట్టి, ఏడో నంబరుతో కొట్టండి. ముఖం మీద పడిన గీత అక్కడి గాడులకు అడ్డంగా నిటారుగా ఉంటే మీ లై సరిగ్గా ఉంది. వాలి ఉంటే తుడవకండి. ఆ కర్రను అలాగే తీసుకెళ్ళి మీ క్లబ్బు కార్యదర్శి బల్ల మీద పెట్టండి.